తిమోతి డాక్టరు తీపిమాట

“ఈసారి తగ్గిందని అనరేం డాక్టరు గారూ?”

మగ్దలీనమ్మ పైట సర్దుకుంటూ అడిగింది. తిమోతి డాక్టరు వినిపించుకోనట్టు సంచి తెరిచి, లోపలికి చూసి, ఏమీ తీయకుండానే మూసేశాడు.

“అమ్మ అడుగుతా ఉండాది. చెప్పండి,” అన్నది కరుణాకుమారి. నిన్న తల్లికి వీపు రుద్దుతూ రొమ్ము పక్కన ఆ గడ్డను చూసిన దగ్గర్నుంచి ఆ పిల్ల ముఖాన నెత్తురు చుక్క లేదు. తండ్రితో ఒక్క మాటైనా చెప్పకుండా స్టేషను పక్కనున్న డిస్పెన్సరీకి పోయి డాక్టరును వెంటబెట్టుకొచ్చింది తనే.

“చంకలోకి పాకింది,” అన్నాడు డాక్టరు గోడకేసి చూస్తూ. “మద్రాసుకు పోవాలమ్మా. ఇంక ఆలస్యం పనికిరాదు.”

మగ్దలీనమ్మకు నవ్వొచ్చింది. నవ్వాల్సిన చోటు కాదని తెలిసినా వచ్చింది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో కాన్పులు చేసి, జ్వరాలకు మాత్రలిచ్చి, పండగ భోజనాలు తిని పోయే ఆ మనిషి నోట ఆలస్యమనే మాట వినడం ఆమెకు ఇదే మొదలు.

ఆయన మాట వేరే. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే “తగ్గిందమ్మా, తగ్గింది” అనేవాడు. పిల్లవాడి ఒళ్ళు కాలిపోతున్నా అదే మాట, ముసలాయన ఎగశ్వాస తీస్తున్నా అదే మాట. తడ ఊళ్ళో సగం మందికి మందు కంటే ముందు ఆ మాటే లోపలికి పోయేది. నిజంగా తగ్గినవాళ్ళు ఊరంతా చెప్పుకునేవారు. తగ్గనివాళ్ళు చెప్పుకోవడానికి మిగిలేవారు కాదు.

క్రిస్మసుకు ముందు గోళీకాయంత గడ్డ చేతికి తగిలినప్పుడు ఆమె మొదట చెప్పుకున్నది ఆయనకే. ఆయన నల్లటి పూతమందు ఇచ్చాడు. ఇంటిల్లిపాదీ శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థన చేశారు. ఈస్టరుకు ముందురోజు డాక్టరు వేలితో నొక్కి చూసి “సగానికి సగం తగ్గిపోయింది” అన్నాడు. మరునాడు తెల్లవారుజామున, చర్చి నిండా జనం ఉండగా మగ్దలీనమ్మ లేచి నిలబడి, దేవుడు తన గడ్డను కరిగించాడని సాక్ష్యం చెప్పింది.

ఆ రోజు ఏడవనివాళ్ళు లేరు. ఆమె భర్త యెహోషువ కూడా ఏడ్చాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన తనవైపు అంత గౌరవంగా చూడటం ఆమె ఎరగదు. ఆ చూపు పోగొట్టుకోవడం ఇష్టంలేక, గడ్డ పెరుగుతోందని తెలిసినా నోరు మూసుకుంది. పిచ్చిదనండి, ఆశపోతు అనండి. డాక్టరు కూడా మళ్ళీ చూస్తానని అడగలేదు. దేవుడు బాగుచేసిన గడ్డను చూపించమని ఎవరడుగుతారు? చూడమని ఎవరంటారు?

వీధి గుమ్మంలో దగ్గు వినిపించింది. యెహోషువ వచ్చాడు.

పులికాటు సరస్సు గుల్లను కాల్చి సున్నం చేసే బట్టీ ఆయనది. మోకాళ్ళదాకా తెల్లటి పొడి అంటుకుని ఉంది. చర్చి సంఘానికి పెద్ద కాబట్టి ఆ కాళ్ళతోనే ఎవరింట్లోకైనా నడిచిపోతాడు. ఆయన వెనకే ఆయన అక్క రెబెక్కమ్మ. మొగుడు పోయాక తమ్ముడింటికి వచ్చి, ఇంటి తాళంచెవులన్నీ కొంగుకు కట్టుకున్న మనిషి.

“ఎవురికి బాగలేదని వచ్చినారు డాక్టరు గారూ?” అడిగాడు యెహోషువ.

డాక్టరు గదిలోంచి వసారాలోకి వచ్చాడు. మగ్దలీనమ్మ తలుపు వెనకనే నిలబడిపోయింది.

“మగ్దలీనమ్మను మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకపోవాల యెహోషువా. గడ్డ కోసి తీసెయ్యాల. ఆ తరువాత అది మళ్ళీ రాకుండా కరెంటు పెడతారు.”

“ఏ గడ్డ?”

డాక్టరు సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“ఏ గడ్డ అని అడగతుండా. ఈస్టరునాడు పోయిన గడ్డేనా?”

“పోలేదు నాయనా,” అన్నది కరుణ. “నిమ్మకాయంత ఉండాది. నేను చూసినా.”

“నువ్వు గమ్మునుండు.” ఆయన డాక్టరు మీదికి తిరిగాడు. “సగానికి సగం తగ్గిందని చెప్పింది మీరే కదండీ. ఈ వసారాలోనే, ఈ కుర్చీలోనే కూర్చోని చెప్తిరే. ఆ మాట పట్టుకోనే కదా ఇది లేచి సాక్ష్యం చెప్పింది?”

డాక్టరు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకోసాగాడు.

“ఎల్లుండి మాపిటేల ప్రార్థన కూటాలు మొదలు. పందిరి వేసేసినారు. సూళ్ళూరుపేట నించి, ఆరంబాకం నించి జనం వస్తుండారు. ఎందుకొస్తుండారు? నా ముఖం చూసేదానికా? ఈమె సాక్ష్యం వినేదానికి! ఇప్పుడు ఈమె పొయ్యి మద్రాసులో మంచమెక్కితే, నేను ఆ పందిట్లో నిలబడి ఏం చెప్పేది? దేవుడు బాగుచేసినాడు గానీ కోయించుకునేదానికి పోయిందని చెప్పేదా?”

“విశ్వాసం సన్నగిల్లితే పోయింది మళ్ళీ వస్తుంది,” అన్నది రెబెక్కమ్మ. “గడ్డను తిట్టుకోని ఏం లాభం?”

“నీ కంటికి పొర వస్తే మద్రాసు పొయ్యి కోయించుకుంటివే అత్తా, అప్పుడు నీ విశ్వాసం యాడ పెట్టినావు?” అన్నది కరుణ.

రెబెక్కమ్మ చెయ్యి లేచింది. మగ్దలీనమ్మ తలుపు వెనకనుంచి “కరుణా” అని పిలవకపోతే ఆ చెయ్యి పిల్ల చెంపమీద పడి ఉండేది.

ఆ పిలుపుతో యెహోషువ తలుపు వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తేనే ఇంట్లో అందరికీ భయం.

“మగ్దలీనా, వింటుండావు కదా. నీ రొమ్ములో గడ్డకంటే దేవుని పేరు పెద్దది. నేను కఠినంగా మాట్లాడుతుండానని అనుకోబాక. నీకోసం నేను ఎన్ని శుక్రవారాలు పస్తుండానో నీకు తెలుసు.”

ఆమెకు తెలుసు. అబద్ధం కాదు. అన్నం ముట్టకుండా బట్టీ దగ్గర మంటలో నిలబడి పనిచేసి, సాయంత్రం మోకాళ్ళమీద కూర్చుని ఏడ్చిన మనిషే ఆయన. అందుకే ఆయన్ను అసహ్యించుకోవడం కూడా ఆమెకు చేతకావడం లేదు.

“కూటాలు అయిపోయినాక పోతే ఏమవతుంది?” యెహోషువ డాక్టరును అడిగాడు. “ఒక్క వారం. మీరే చెప్పండి. ఆగొద్దని మీరంటే నేను ఆగను. మీ మాట దాటి ఈ ఇంట్లో ఏదన్నా జరిగిందా?”

అందరూ డాక్టరు ముఖం చూశారు. మగ్దలీనమ్మ తలుపు సందుకు చెవి ఆనించింది. ఆయన ఇప్పుడు ఆగొద్దంటే చాలు. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఆయన మాటే కోర్టు తీర్పు.

డాక్టరు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

“వారమే కదా,” అన్నాడు. “వారంలో ఏం మునిగిపోదులే. అందాకా నొప్పికి మాత్రలిస్తా.”

“ఆలస్యం పనికిరాదని ఇప్పుడే కదండీ అంటిరి!” కరుణ అరిచింది.

డాక్టరు చెప్పులు వేసుకుంటున్నాడు. ఒక చెప్పు తిరగబడింది. దాన్ని సరిచేసుకోవడానికి చాలాసేపు వంగి ఉన్నాడు.

*

మరునాడు మధ్యాహ్నం పెరటి గుమ్మం దగ్గర కామమ్మ చేపల గంప దించింది.

సరస్సు గట్టు పల్లెలో మనిషి ఆమె. మొగుడు గంగులయ్య వల వేసి తెచ్చినవాటిని పొద్దున రైలు బండికి మద్రాసు తీసుకుపోయి అమ్మి, మధ్యాహ్నం బండికి తిరిగొచ్చి, ఎత్తిపెట్టుకున్న కాసిని చేపలు తడలో ఎరిగిన ఇళ్ళకు వేసేది. మాటకు ముందు నవ్వేది. ఇవాళ నవ్వకుండా నాలుగు మడవ చేపలు తీసి చేటలో పెట్టింది.

“దుడ్లు వద్దక్కా. ఊరికే తీసుకో.”

“ఎందుకు వద్దు?”

కామమ్మ అటూ ఇటూ చూసింది. పైట కింద చెయ్యి పెట్టుకుని చూపించింది.

“నీకొచ్చిందే నాకూ వచ్చిందక్కా.”

మగ్దలీనమ్మ చేతిలో చేట కింద పెట్టింది.

“ఎప్పుడు?”

“పోయిన నెల తిమోతి డాక్టరు కాడికి పోయినా. ఒక్కసారి చెయ్యిపెట్టి చూసినాడు. ‘కామమ్మా, ఇది చెడ్డ గడ్డ, నా కాడ దీనికి మందు లేదు, రేపే మద్రాసు ఆసుపత్రికి పో’ అనేసినాడు. కూర్చోమని గూడా అన్లా.”

“మొదటిసారి చూసినప్పుడేనా?”

“ఆ, మొదటిసారే.”

మొదటిసారే. మగ్దలీనమ్మ ఆ మాటను లోపలే రెండుమూడు సార్లు అనుకున్నది. తనకు పూతమందు. ఈమెకు మద్రాసు.

“మరి పోలేదా? రోజూ పోయే ఊరే కదా కామమ్మా.”

“పోయేదాన్నే. మా ఆయన గూడా పోదాం పామ్మే అన్నాడు. ఇంతలో మీ ఈది ఆడోళ్ళు చెప్పినారు. మగ్దలీనక్కకు ఇట్టాంటిదే వస్తే కోతా లేదు, కరెంటూ లేదు, ప్రార్థనకే కరిగిపోయిందంట. తిమోతి డాక్టరే చూసి తగ్గిందన్నాడంట. నన్ను పొమ్మన్నాయనే నీకు తగ్గిందన్నాడంటే మీ దేవుడు ఎంత గట్టోడై ఉండాల!” కామమ్మ ఇప్పుడు నవ్వింది. “పోలేరమ్మకు కోడిపెట్టను మొక్కుకున్నా. ఆ తల్లి పలకలా. రేపు మీ కూటానికి వస్తుండా. ఆ కత్తి తప్పించుకుంటే చాలక్కా నాకు. మీ దేవుడికి ఏమియ్యాల? కోడి తీసుకుంటాడా?”

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెప్పడానికి ఎంతో అక్కర్లేదు. తన రవిక విప్పి కామమ్మ చెయ్యి అక్కడ పెట్టిస్తే చాలు.

“కామమ్మా, నా మాట విని...”

“ఏమీ ఇయ్యబళ్ళేదు.” వెనకనుంచి తాళంచెవుల చప్పుడు, దానితోపాటే రెబెక్కమ్మ గొంతు. “విశ్వాసం ఇస్తే చాలు. వచ్చి ముందర చాపమీద కూర్చో. మా మగ్దలీన తన నోటితోనే చెప్తుంది, విందువు గాని.”

కామమ్మ మగ్దలీనమ్మ చెయ్యి తీసుకుని రెండు కళ్ళకూ అద్దుకున్నది. ఆ చెయ్యికి చేపల నీచు అంటింది. రెబెక్కమ్మ అక్కడే నిలబడి చూస్తోంది. మగ్దలీనమ్మ చేట తీసుకుని లోపలికి పోయి, చేపలు తోమడానికి కూర్చున్నది.

*

సాయంత్రం డాక్టరు మాత్రలు తెచ్చాడు. వసారాలో ఎవరూ లేరు. రెబెక్కమ్మ పందిరి దగ్గరికి పోయింది.

“కామమ్మకు మొదటిరోజే చెప్పినారంట,” అన్నది మగ్దలీనమ్మ.

డాక్టరు మాత్రల పొట్లం స్టూలు మీద పెట్టాడు.

“ఆమెకొక మాట, నాకొక మాట ఎందుకు డాక్టరు గారూ?”

“ఆమె నాకెవరమ్మా? చెప్పాల్సింది చెప్పి పంపించేసినా. నువ్వట్టా కాదే. మీ పెళ్ళిలో ముందు వరసలో కూర్చోనుండా. కరుణ నా చేతుల్లోకే పుట్టింది. నీ ముఖం చూసి ఆ మాట అనేదానికి నాకు నోరు రాలేదు.”

“అంటే, నేను పరాయిదాన్నయితే బతికుందును.”

“అట్టా అనబాక తల్లీ.”

“ఎట్టా అనాల? ఈస్టరుకు ముందు నిజంగా తగ్గిందా?”

దూరంగా పందిట్లో ఎవరో హార్మోనియం సరిచూస్తున్నారు.

“లేదమ్మా.”

“పెరిగిందా?”

“కొంచెం.”

“మరి సగానికి సగం?”

“నిద్ర పట్టడం లేదని ఏడిస్తివి. ఆ ఒక్క రాత్రన్నా నిద్రపోతావని అన్నా. నువ్వు పొద్దున్నే లేచి చర్చిలో చెప్తావని నేనేమన్నా కలగన్నానా?”

“బాగా నిద్రపోయినా డాక్టరు గారూ,” అన్నది మగ్దలీనమ్మ. “ఆ రాత్రి చానా బాగా నిద్రపోయినా.”

కోపం రావాల్సిన చోట ఆమెకు సిగ్గేసింది. ఈ ముసలాయన ప్రేమగానే తన ప్రాణం తీస్తున్నాడు. అంత ప్రేమ తనమీద ఉందని ఇన్నాళ్ళూ పొంగిపోయింది. కామమ్మను కూర్చోమని కూడా అనలేదు కాబట్టి కామమ్మకు నిజం దక్కింది. దక్కిన నిజాన్ని తన సాక్ష్యం వచ్చి లాక్కుపోయింది.

“రేపు పందిట్లో నా పక్కన నిలబడండి,” అన్నది. “తగ్గిందని అబద్ధం చెప్పినానని మీరు చెప్పండి. నమ్మి నేనూ చెప్పినానని నేను చెప్తా. కామమ్మ ముందరే కూర్చోనుంటుంది. వింటుంది.”

డాక్టరు ఉలిక్కిపడ్డాడు.

“ఆ తరువాత ఈ ఊళ్ళో నా మాట ఎవరు నమ్ముతారు? రేపు ఒక బిడ్డకు విషజ్వరం వస్తుంది. నేను మందిస్తా. అబద్ధాల డాక్టరని ఆ తల్లి మందు పారబోస్తుంది. బిడ్డ పోతుంది. నువ్వు ఒక్క కామమ్మను చూస్తుండావు, నేను ఊరందరినీ చూడాల.”

ఎంత చక్కగా చెప్పాడు! ఒక్క క్షణం ఆమెకు కూడా అది నిజమే అనిపించింది. ఆయన తన పిరికితనానికి కూడా మందే పూసి ఇస్తాడు.

ఇంతలో కరుణ వచ్చింది. వెనక యెహోషువ. దారిలోనే ఇద్దరూ పోట్లాడుకున్నట్టున్నారు, పిల్ల రొప్పుతోంది.

“అమ్మను వెంటనే మద్రాసు పంపకపోతే రేపు కూటంలో నేను లేచి చెప్తా, గడ్డ అట్టనే ఉండాదని. కొట్టినా చెప్తా. నాయనతో చెప్పేసినా.”

యెహోషువ కుర్చీలో కూర్చున్నాడు. కండువాతో ముఖం తుడుచుకుని, డాక్టరును చూడకుండా భార్యతో మాట్లాడాడు.

“సరే. ఎల్లుండి పొద్దున బండికి పో. డాక్టరు గారు తోడొస్తారు, కరుణ వస్తుంది. మీ చెల్లెలికి కాన్పని ఊళ్ళో చెప్తాం. కూటాలు అయినాక నేను వచ్చి ఆపరేషన్‌కు సంతకం పెడతా. మొగుడు సంతకం లేంది కోయరంట కదా. డాక్టరు గారే చెప్పినారు.”

ఆ మాట డాక్టరు ఆయనకు ఎప్పుడు చెప్పాడో, ఎందుకు చెప్పాడో! మగ్దలీనమ్మ డాక్టరు వైపు చూసింది. ఆయన మాత్రల పొట్లాన్ని స్టూలు మీద అటునుంచి ఇటు జరిపాడు.

“అయితే రేపు మాపిటేల నువ్వు లేచి ఈస్టరునాడు చెప్పిందే చెప్పాల. ఒక్క మాట తగ్గరాదు,” అన్నాడు యెహోషువ.

“చెప్పకపోతే?”

“నేను రాను.”

“ఆ తరువాత ఎవురితోనన్నా నిజం చెప్తే?”

“నా చెవిన పడితే రాను.” ఆయన గొంతులో కోపం లేదు. “నిన్ను చావమని నేను అనడంలా మగ్దలీనా. దేవుని పేరు కాపాడు, నీ ప్రాణం నేను కాపాడతా. ఇందులో అన్యాయం ఏముండాదో నువ్వే చెప్పు.”

మగవాళ్ళిద్దరూ లేచిపోయాక మగ్దలీనమ్మ కూతురుకు కామమ్మ సంగతి చెప్పింది. కరుణ వింటూ ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తల్లి రెండు భుజాలూ పట్టుకున్నది.

“ఆమె సంగతి తరువాత చూద్దామమ్మా. ముందు నువ్వు. నాకు నువ్వు కావాల.”

*

శుక్రవారం దీపాలు పెట్టేవేళకు పందిరి నిండిపోయింది. పెట్రోమాక్సు దీపాల కింద మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు.

కామమ్మ ఆడవాళ్ళ చాపమీద అందరికంటే ముందు కూర్చుంది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. పందిరి గుంజ దగ్గర గంగులయ్య నిలబడి ఉన్నాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. ఎక్కడ విడవాలో తెలియలేదు పాపం.

“మన సహోదరి మగ్దలీనమ్మ ఇప్పుడు సాక్ష్యం చెప్తుంది,” అన్నాడు యెహోషువ.

ఆమె లేచింది. ముందు వరస కుర్చీలో డాక్టరు ఉన్నాడు. ఆయన చెప్తాడేమో, ఒక్కసారి చెయ్యెత్తుతాడేమో అని ఆమెకు ఇంకా ఆశ ఉంది. ఎంత చెడినా ఆయనమీద ఆశ చావలేదు. డాక్టరు తల వంచుకుని తన గోళ్ళు చూసుకుంటున్నాడు.

కామమ్మ నోరు కొంచెం తెరిచి వింటోంది.

మగ్దలీనమ్మకు చావంటే భయంగా ఉంది. చంకలో సలుపు ఆ క్షణంలో కూడా ఉంది. కరుణ రెండు చేతులూ జోడించి తనవైపే చూస్తోంది.

“క్రిస్మసుకు ముందర నా రొమ్ములో ఒక గడ్డ వచ్చింది,” అని మొదలుపెట్టింది. గొంతు వణకలేదు. వణకనందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. “ఆసుపత్రికి పోలేదు. కత్తి పడలేదు. నేనూ నా ఇంటివారూ దేవుణ్ణి అడిగినాం. ఆయన నన్ను బాగుచేసినాడు.”

“ఆమెన్!” అన్నారు జనం. డాక్టరు పెదవులు కూడా కదిలాయి.

ఆ మాట అనాలని కామమ్మకు తెలియదు. అందుకని రెండు చేతులూ తలమీదికెత్తి దండం పెట్టింది.

*

శనివారం పొద్దున మద్రాసు బండిలో మూడో తరగతి పెట్టె కిక్కిరిసి ఉంది. డాక్టరు కిటికీ పక్కన చోటు సంపాదించాడు. ఎదురుగా మగ్దలీనమ్మ, కరుణ. బండి కదలబోతుండగా చేపల గంపతో సహా కామమ్మ లోపలికి ఎక్కింది.

“అక్కా! నువ్వా! యాడికి?”

“ఈమె చెల్లెలికి కాన్పు,” అన్నాడు డాక్టరు, అడగకముందే. “నాకు మద్రాసులో వేరే పనుంది.”

“సుఖంగా అవుతుందిలే సామీ.” కామమ్మ గంపను తలుపు దగ్గర నెట్టి వచ్చి, మగ్దలీనమ్మ పక్కన ఇరుక్కుని కూర్చున్నది. “నిన్న రాత్రి బాగా నిద్రపోయినానక్కా. ఎన్నాళ్ళకు! మా ఆయన లేపితే గాని లేవలా.”

డాక్టరు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

బండి ఆరంబాకం దాటింది. ఈ బండి దిగి ఈమె చేపలు అమ్ముకుంటుంది, మధ్యాహ్నం బండికి తడకు తిరిగి పోతుంది, ఇంటింటికీ తిరిగి ఏ మాట వింటే ఆ మాట చెప్తుంది. సాయంత్రానికల్లా పందిట్లో యెహోషువ చెవిన పడుతుంది. మగ్దలీనమ్మ అదంతా లెక్కవేసుకుంటూనే ఉంది. కరుణ కూడా అదే ఆలోచిస్తున్నట్టుంది, తల్లి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అక్కా, ఒక్కసారి చెయ్యియ్యి,” అన్నది కామమ్మ మెల్లిగా.

మగ్దలీనమ్మ చేతిని తనే తీసుకుని, ఎవరూ చూడకుండా పైట కింద పెట్టుకుంది. గడ్డ గట్టిగా ఉంది. గులకరాయిలాగా, కదలకుండా. మగ్దలీనమ్మకు అది బాగా తెలిసిన గడ్డే. క్రిస్మసు నాడు తనది ఇంతే ఉండేది. ఇంకా చంకలోకి పోలేదు.

“నిన్న నువ్వు చెప్పినాక, రాత్రి తడిమి చూసుకున్నా. నాకైతే తగ్గినట్టే ఉండాది. నాకేం తెలుసు? నీకైతే తెలుస్తుంది.” కామమ్మ ఆమె ముఖంలోకి చూసింది. “తగ్గిందా అక్కా?”

మగ్దలీనమ్మ డాక్టరు వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, నిద్రపోతున్నవాడిలాగా. పంచె మీద ఆయన వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. మోచేతిమీద కరుణ పట్టు ఇంకా బిగిసింది.

“చెప్పక్కా,” అన్నది కామమ్మ నవ్వుతూ. “నువ్వు చెప్తే నమ్మతా.”